కడిగిన గరిట

బెంగళూరు,
8 డిసెంబరు 2024

చెల్లెలు చౌడమ్మకు,

మోకాలి నొప్పికి డాక్టరు ఇచ్చిన మాత్రలు నువ్వు సగంలో ఆపేశావని నీ కోడలు ఫోనులో చెప్పింది. తనంతట తాను చెప్పలేదు, నేను అడిగితే చెప్పింది. మాత్రలు పూర్తిగా మింగు. మిగతా సంగతులు తర్వాత.

మంజునాథ్ మారతహళ్ళి వైపు క్యాబు తోలుతూ ఇంటికి నిద్రపోవడానికి మాత్రమే వస్తున్నాడు. నళినికి గార్మెంట్ ఫ్యాక్టరీలో ఆదివారం కూడా డ్యూటీ వేస్తున్నారు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఖాళీగా లేరు కాబట్టి మనవరాలు భవ్య చదివే సర్కారు హైస్కూల్లో తల్లిదండ్రుల మీటింగు అంటే నేనే పోవాలి. ఇక్కడ దాన్ని పోషకుల సభ అంటారు. నిన్న పోయి వచ్చాను. వచ్చాక కాళ్ళు కడుక్కున్నాను గానీ మనసుకి ఇంకా రోతగానే ఉంది.

తొమ్మిదో తరగతి గదికి పైకప్పు కారుతుంది. లెక్కల టీచరు పోస్టు ఖాళీ. వీటి గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. సభ సగంసేపు శాలువాలకే పోయింది. పోషకుల కమిటీ అధ్యక్షుడు అశోక్‌కుమార్‌కు బజారులో పెయింట్ల షాపు ఉంది. తన శాలువా తానే తెచ్చుకుని, హెడ్మాస్టరు బైరప్ప చేత కప్పించుకుని, ఫొటో తీయించుకున్నాడు. 'మన బడి వార్తలు' అని ఒక వాట్సాప్ గుంపు నడుపుతాడు. అందులో ఆయన తప్ప ఇంకెవరూ ఏమీ పెట్టడానికి వీల్లేకుండా చేసుకున్నాడు. మేము చదివి దండం పెట్టాలి, అంతే.

మిగతా సగంసేపు బడిలో పెట్టే మధ్యాహ్నం భోజనం గురించి. జూన్ నుంచి మల్లమ్మ అని, ఆనేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చినామె వంట చేస్తోంది. అప్పటి నుంచి కొందరు తల్లులు గేటు దగ్గరికి క్యారియర్లు తెస్తున్నారు. ఊచల సందుల్లోంచి పిల్లలకు అందిస్తారు, చెరసాలలో ఉన్నవాళ్ళకు అందించినట్టు. ఎందుకమ్మా అంటే ఒకరు గ్యాస్ట్రిక్ అంటారు, ఒకరు సోడా ఎక్కువ వేస్తారు అంటారు. ఆశ అని ఒకామె, "మా చైతుకు బడి అన్నం ఒంటికి పడదు" అంటుంది. పాత వంటామె ఉన్నప్పుడు ఈ చైతే మారు వడ్డించమని అన్నం తట్ట పట్టుకుని నిలబడేవాడట. భవ్య చెప్పింది.

అసలు కారణం మల్లమ్మ కులం. అది గోడలకు కూడా తెలుసు. ఒక్కరి నోటా రాదు. ఎవరూ అనలేదు కాబట్టి హెడ్మాస్టరు తనకేమీ తెలియదంటాడు. ఎంత సుఖమైన ఏర్పాటో చూడు.

చివర్లో అశోక్‌కుమార్ లేచి, "బడి గేటు లోపల పిల్లోళ్లు తినేది ఏదైనా సరే, పోషకులు రుచి చూడందే వాళ్ల నోట్లోకి పోకూడదు" అని తీర్మానం చేయించాడు. వెంటనే నా వైపు తిరిగి, "కదిరమ్మవ్వ ఉండాది. మడి మనిషి. చేనేత సొసైటీలో లెక్కలు రాసిన చెయ్యి. ఆమె బాలేదంటే ఇంక అప్పీలు లేదు" అన్నాడు. రెండు వారాలకొక బుధవారం నా వంతు. నేను ముక్కు మూసుకుని లేచి వస్తానని, నా పేరు చెప్పి మల్లమ్మను పంపించవచ్చని వాళ్ళ లెక్క. ఆ లెక్క వాళ్ళ ముఖాల మీదే కనబడింది.

సరే, వస్తానన్నాను.

నీ అక్క,
కదిరమ్మ


హిందూపురం,
16 డిసెంబరు 2024

అక్కకు చౌడమ్మ దండాలు.

మాత్రలు మింగుతున్నాను. మా కోడలికి నోట్లో మాట ఆగదు. ఓబులేష్ మగ్గం తీసేసి పవర్‌లూం పెట్టించాడు. ఆ మోతకు ఇంట్లో ఎవరేమన్నా వినబడదు. నా కొడుకే గానీ వాడి తెలివి నాకు నచ్చలేదు. నువ్వు ఉత్తరం రాసేదే మేలు.

ముఖ్యమైన సంగతి. ఈసారి మన వీధిలో చౌడేశ్వరి జ్యోతి మాఘ పౌర్ణమికి పెట్టారు, ఫిబ్రవరి 12. గుడి పెద్ద ఓబళప్ప నన్ను ఆపి, "మీ అక్క వస్తాది కదమ్మా పిండి దంచేకి?" అని అడిగాడు. అమ్మ పోయినప్పటి నుంచీ తడిబట్టతో బియ్యం దంచి ఆ పిండి ముద్దతో దీపం చేసి జ్యోతిని నిలబెట్టేది నువ్వే. నువ్వు పట్టిన జ్యోతి ఒక్కసారి కూడా వంగలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. వస్తుందని చెప్పాను.

అందుకే జాగ్రత్త అంటున్నా. నీలాంటి మడి మనిషిని ఆ గుండిగ దగ్గర నిలబెట్టేది ఏంది అక్కా? ఒప్పుకున్నావు, సరే. దూరంగా నిలబడి చూసి, బాలేదని చెప్పి వచ్చెయ్. నోట్లో పెట్టొద్దు. భవ్యకు కూడా క్యారియర్ కట్టు. రేపు ఊరేగింపులో జ్యోతి వెనక నడిచేది ఆ పిల్లే కదా.

నీ చెల్లెలు,
చౌడమ్మ


బెంగళూరు,
2 జనవరి 2025

చౌడమ్మకు,

నీ ఉత్తరం చదివాను. తినకుండా బాలేదని చెప్పమన్నావు. సరుకు చూడకుండా సంతకం పెట్టమన్న ఇద్దరు సెక్రటరీలతో సొసైటీలో నేను ఎంత పోట్లాడానో నీకు తెలుసు. నువ్వు మూడోదానివయ్యావు. నా మడి మన దేవుడి గదిలో ఉంది. పిల్లల అన్నానికి దాన్ని అడ్డం పెట్టను.

నిన్న నా మొదటి వంతు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వంటగది ఊడ్చి ఉంది. మల్లమ్మ నలభై ఏళ్ళ మనిషి, తలకు గుడ్డ కట్టుకుంటుంది, అడిగినదానికి తప్ప మాట్లాడదు. అన్నంలో రాయి తగిలింది. బియ్యం ఇంకా శ్రద్ధగా ఏరాలని చెప్పాను. ముఖం మాడ్చుకుంది. మాడ్చుకుంటే మాడ్చుకోనీ. సాంబారు గరిటతో అరచేతిలో పోయించుకుని, పెదవికి గరిట తగలకుండా రుచి చూశాను. ఉప్పు లేదు. అశోక్‌కుమార్ ఫోను నా మూతి ముందు పట్టుకుని, "చెప్పండవ్వా, గుంపులో అందరూ వినాల" అన్నాడు.

"ఈ సాంబారు నోట పెట్టేలా లేదు. ఉప్పు వేయడం మరిచిపోయారు. వేసి, మరిగించి మళ్ళీ ఇవ్వండి" అన్నాను.

"దించేటప్పుడు వేద్దామనుకుంటి అమ్మా, అంతలో బెల్లు కొట్టినారు" అంది మల్లమ్మ. ఉప్పు వేసింది. మరిగింది. మళ్ళీ రుచి చూసి, అదే ఫోనులో, "ఇప్పుడు బాగుంది. పప్పు మెత్తగా ఉడికింది. పిల్లలకు పెట్టొచ్చు, నాకూ ఒక తట్ట ఇవ్వండి" అని చెప్పాను. భవ్య పక్కన కూర్చుని తిన్నాను. తప్పు ఉన్నప్పుడు తప్పన్నాను, దిద్దిన తర్వాత బాగుందన్నాను. ఇందులో దాచేది ఏమీ లేదు.

కదిరమ్మ


హిందూపురం,
4 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం ఇంకా అందలేదు గానీ నీ గొంతు అందింది! మన కులంవాళ్ళ గుంపులో ఎవరో పెట్టారట, ఓబులేష్ ఫోనులో వినిపించాడు. "ఈ సాంబారు నోట పెట్టేలా లేదు" అని ఎంత గట్టిగా అన్నావు! మోత వినబడకుండా పవర్‌లూం ఆపి మరీ విన్నాం. సాయంత్రానికి వీధంతా పాకింది.

ఓబళప్ప రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. "అట్లుండాలప్పా మన ఆడోళ్లంటే! బెంగళూరులో ఉండి కూడా కట్టు తప్పలేదు" అన్నాడు. ఈసారి పిండి దంచాక నీకు గుడిలో చీర పెడతారట. జాగ్రత్త అని ముందు రాసినది మరిచిపో. నేను చెప్పినట్టే చేశావు. జన్మలో మొదటిసారి.

చౌడమ్మ


బెంగళూరు,
10 జనవరి 2025

చౌడమ్మా,

ఈపాటికి నా రెండో తేదీ ఉత్తరం అంది ఉంటుంది. నువ్వు చెప్పినట్టు నేనేమీ చేయలేదని నీకు తెలిసి ఉంటుంది.

నేను మాట్లాడినదాంట్లో మొదటి వాక్యం ఒక్కటి ఉంచి, ఉప్పు సంగతి నుంచి చివరిదాకా కోసేశాడు ఆ పెయింట్లవాడు. "ముఖ్య వార్త: నాణ్యత లేని భోజనం, పెద్దావిడ ఆవేదన" అని పేరు పెట్టి వదిలాడు. నా గొంతే. నా మాటే. అందుకే నాకు ఇంత అసహ్యంగా ఉంది. అబద్ధం చెప్పినవాడిని పట్టుకోవచ్చు. నిజాన్ని నడుముకు కోసి సగం చూపించేవాడిని ఎక్కడ పట్టుకోవాలి?

దాన్ని పట్టుకుని అర్జీ రాశారు. నెలాఖరు సభలో మల్లమ్మను తీసేస్తారట. అంతవరకూ ఆమెను పొయ్యి దగ్గరికి రానీయకుండా, కూరలు తరగడానికి, గిన్నెలు తోమడానికి పెట్టాడు హెడ్మాస్టరు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, మొగుడు లేడు. ఈ పని పోతే మళ్ళీ ఇటుకల బట్టీకే పోవాలని భవ్యకు వాళ్ళ టీచరు చెప్పిందట.

నేను నేరుగా షాపుకే పోయాను.

"నేను చెప్పింది మొత్తం పెట్టు" అన్నాను.

"మొత్తం ఫోనులో లేదవ్వా, జాగా చాలక తీసేసినా" అన్నాడు.

"అయితే ఇప్పుడు మళ్ళీ చెప్తా, పట్టుకో."

"ఎందుకవ్వా ఈ వయసులో మీకు ఇదంతా? మీ మంచికే కదవ్వా చేసింది. మీరు తిన్నారని తెలిస్తే మీ ఊర్లో ఏమనుకుంటారు?" అని నవ్వాడు. టీ తెప్పించనా అని కూడా అడిగాడు. వాడి టీ ఎవడికి కావాలి!

నీ దగ్గర నాకు ఒక్క పని ఉంది. నా రెండో తేదీ ఉత్తరం ఓబళప్పకు చదివి వినిపించు. అక్క తిన్నదని చెప్పు. మన కులం గుంపులో సగం మంది ఈ ఊరివాళ్ళే. అక్కడ నిజం తెలిస్తే ఇక్కడికి అదే వస్తుంది.

కదిరమ్మ


హిందూపురం,
17 జనవరి 2025

అక్కకు దండాలు.

చదివి వినిపించలేదు. కోప్పడితే కోప్పడు.

నువ్వు ఆ ఊర్లో ఉంటావు, నేను ఈ వీధిలో ఉంటాను. పొద్దున లేస్తే ఇవే ముఖాలు చూడాలి. నీ గొంతు విన్న రోజు నుంచి నన్ను గుడి మెట్ల మీద కూర్చోమని పిలుస్తున్నారు. ముందు ఎవరు పిలిచారు? ఓబులేష్ కూతురికి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు కూడా నీ సంగతి చెప్పుకుని మెచ్చుకున్నారు.

నువ్వు తిన్నావో లేదో నీకూ చౌడేశ్వరి తల్లికీ తెలుసు. వీధికి తెలియాల్సిన పని ఏముంది? నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. ఊరకే ఉంటే చాలు. వచ్చి పిండి దంచి, జ్యోతి నిలబెట్టి, చీర తీసుకుని పో. ఆ వంటామె ఎవరో మనకు తెలియదు. ఇంకో బడిలో పని దొరుకుతుంది. నీకు ఇంకో జ్యోతి దొరకదు.

భవ్యను కూడా తీసుకురా.

చౌడమ్మ


బెంగళూరు,
30 జనవరి 2025

చౌడమ్మా,

ఊరకే ఉంటే చాలని రాశావు. ఇక్కడి గేటు దగ్గర క్యారియర్లు పట్టుకుని నిలబడేవాళ్ళందరూ ఊరకే ఉన్నవాళ్ళే. నా చెల్లెలు కూడా ఆ వరుసలో నిలబడిందని తెలిసి ఆ ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి కారణం అదే.

నిన్న నా వంతు. వంట వేరే ఆమె చేసింది. మల్లమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆమె పొయ్యి దగ్గర లేకపోయినా క్యారియర్లు మాత్రం ఆగలేదు. కూరలు ఆమే తరిగిందట, అదీ పనికిరాదు. అన్నం, సాంబారు రుచి చూశాను, బాగున్నాయి, వడ్డించమన్నాను. తర్వాత మల్లమ్మతో, "ఆ గరిట కొళాయి కింద నాకు కనబడేలా కడిగి ఇవ్వు" అన్నాను. ఎందుకని అడగకుండా పొడి వేసి తోమి, నీళ్ళతో మూడుసార్లు కడిగి ఇచ్చింది. గేటు అవతల ఉన్న తల్లులు కూడా చూస్తున్నారు. నేను గరిట పట్టుకుని వాళ్ళ దగ్గరికి పోయాను.

"క్యారియర్లు తెరవండమ్మా. గేటు లోపల పిల్లలు తినేది ఏదైనా రుచి చూడాలని అశోక్‌కుమార్ తీర్మానం చేశాడు కదా. రుచి చూస్తా. నోటికి తాకించను, చేతిలో పోసుకుంటా."

ఆశ క్యారియర్ మూత తీసింది. నవ్వుతూనే తీసింది, పాపం. నేను గరిట దించబోతే చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అయ్యో అవ్వా, ఆ గరిట వద్దు! మా ఇంటి చెంచా ఉండాది, దాంతో తీసుకోండి."

"ఇది కడిగిన గరిట. నీ ఎదురుగానే కడిగింది."

"కడిగితే పోతాదా అది?"

"ఏది?" అన్నాను.

పక్కనున్న ఆమె ఆశ చెయ్యి గిల్లడం చూశాను. నేను మళ్ళీ అడిగాను. "నువ్వు ఒంటికి పడదన్నావు, ఈమె గ్యాస్ట్రిక్ అంది. ఈ ఇనుప గరిటకు గ్యాస్ట్రిక్ ఉందా? ఏది పోదో చెప్పు, తోమిస్తా."

అప్పుడు ఆశకు ఒళ్ళు మండి మల్లమ్మ పుట్టుక గురించి ఒక మాట అనేసింది. పూర్తిగా, కులం పేరుతో సహా. ఆ మాట ఈ కాగితం మీద రాయను. వరండాలో తట్టలు పట్టుకుని కూర్చున్న పిల్లలు విన్నారు. బైరప్ప తన గది గుమ్మంలోనే ఉన్నాడు.

"విన్నారు కదా సార్" అన్నాను.

"అమ్మా, ఆడవాళ్ల మాటలు, ఏదో కోపంలో..." అని నసిగాడు.

"వినలేదంటే చెప్పండి. ఈ పిల్లలందరి చేతా వినలేదని చెప్పించండి. నేను ఇప్పుడే పోలీస్ స్టేషనుకు పోతున్నా, అక్కడ అందరం కలిసి చెబుదాం."

వాడి ముఖం బూడిద రంగుకు తిరిగింది. పావుగంటలో గేటు మూయించాడు. క్యారియర్లు లోపలికి రావని బోర్డు పెట్టించాడు. ఈ పొద్దున మల్లమ్మను పొయ్యి దగ్గరికి పంపించాడు. అర్జీ ఏమైందో ఎవరికీ తెలియదట. దాని మీద సంతకం పెట్టినవాళ్ళకు కూడా తెలియదట.

గెలిచానని సంబరపడ్డాను. గరిట తిరిగి ఇవ్వడానికి పోతే మల్లమ్మ తీసుకోలేదు.

"ఎనిమిది నెలలుగా వాళ్లు ఆ మాట కడుపులో పెట్టుకునేకి చూసినారు, నేను విననట్లు ఉండేకి చూసినా. నా పెద్ద బిడ్డ కూడా ఈడనే ఎనిమిది చదువుతాంది. దాని ఫ్రెండ్స్ ముందర మీరు ఆ మాట కక్కించినారు. నా పని నిలబెట్టినారు, సరే. నన్ను అడిగి చేసినారా అమ్మా?"

ఆ పిల్ల అక్కడే చదువుతోందని కూడా నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

ఇక నీ వీధి సంగతి. రాత్రి భవ్య చేత ఫోను పట్టించి, "నేను కదిరమ్మను. జనవరి ఒకటిన మల్లమ్మ వండిన అన్నం తిన్నాను, బాగుంది" అని చెప్పి ఓబులేష్‌కు పంపించాను. అదే మీ గుంపులో పెట్టమన్నాను. కోయడానికి అందులో సగమేమీ లేదు.

కదిరమ్మ


హిందూపురం,
4 ఫిబ్రవరి 2025

అక్కా,

ఓబులేష్ పెట్టేశాడు. నన్ను అడగను కూడా లేదు. మెట్ల మీద ఇప్పుడు నాకు జాగా లేదు.

నేను పోయి ఓబళప్ప ముందు కొంగు పట్టాను. ఎంతసేపు నిలబడ్డానో అడగొద్దు. చివరికి ఒప్పుకున్నాడు. నువ్వు పంచగవ్యం తీసుకుని, తల్లి ముందు "తెలియక తిన్నాను" అని ఒక్క మాట అంటే చాలట. రోకలి నీ చేతికే ఇస్తారు. ఒక్క మాట అక్కా. నా కోసం.

చౌడమ్మ


బెంగళూరు,
8 ఫిబ్రవరి 2025

చెల్లెలు చౌడమ్మకు,

నువ్వు ఆ మనిషి ముందు కొంగు పట్టావని చదివి నాకు కోపం వచ్చింది. నీ మీద కోపం కాదు. నీచేత కొంగు పట్టించినవాడి మీద. ఇంకెప్పుడూ నా కోసం ఎవరి ముందూ అలా నిలబడొద్దు.

ఇక్కడి వార్త కూడా విను. కేసు పెడతానేమో అన్న భయంతో నిన్న అశోక్‌కుమార్ మల్లమ్మకు సన్మానం చేశాడు. శాలువా, పూలదండ, పళ్ళబుట్ట. "అన్నపూర్ణకు అభినందన" అని గుంపులో ఫొటో. ఫొటోలో అందరికంటే ముందు ఆశ నిలబడి ఉంది. మల్లమ్మ ఆ పళ్ళు అక్కడికక్కడే పిల్లలకు పంచేసి గిన్నెలు తోమడానికి పోయింది. శాలువా కుర్చీ మీదే వదిలేసింది. సన్మానం అయిన అరగంటకు అశోక్‌కుమార్ కొడుకు హర్ష బడి వెనక గోడ దూకి ఇంటికి భోజనానికి పోయాడు. తండ్రి పంపమన్నాడట. చైతు మాత్రం బడిలోనే తింటున్నాడు. మొన్న మారు వడ్డించుకున్నాడని భవ్య చెప్పింది.

మల్లమ్మ నాతో మాట్లాడటం లేదు. క్షమించమని అడిగాను. "సరేలే అమ్మా" అని పొయ్యి వైపు తిరిగింది. ఆమె కూతుర్ని భవ్య తన పక్కన కూర్చోబెట్టుకుంటోంది. అది నేను చెప్పి చేయించింది కాదు.

తెలియక తిన్నానని అనమన్నావు. నేను తెలిసే తిన్నాను. వండింది ఎవరో తెలుసు, ఎందుకు తినకూడదంటున్నారో తెలుసు, తింటే ఏం పోతుందో కూడా తెలుసు. ఆ తల్లి ముందు నిలబడి తెలియదని చెప్పి, ఆ నోటితోనే ఆమె పాట పాడుతూ పిండి దంచమంటావా? ఈసారి పిండి నువ్వు దంచు. నీళ్ళు కొద్దికొద్దిగా చల్లి, వేడి తగలకుండా ముద్ద చెయ్యి. అమ్మ నాకు చెప్పింది అంతే, వేరే రహస్యం ఏమీ లేదు. జ్యోతి బాగా నిలబడుతుంది.

ఎటూ నేను రాలేను. పౌర్ణమి ఈసారి బుధవారం వచ్చింది. ఆ రోజు నేను రుచి చూస్తే గానీ పిల్లలకు వడ్డించరు. ఓబళప్ప అడిగితే, మా అక్కకు ఆ పూట వేరేచోట వంతు ఉందని చెప్పు. అందరికీ వినబడేలా చెప్పు.

నీ అక్క,
కదిరమ్మ